సన్యాసి పీత ఏ జాతిదో గుర్తుపట్టడం ఎలా?

నాకు వాట్సాప్‌లో వచ్చే ఫోటోల్లో సగం ఒకేలా ఉంటాయి. అరచేతిలో ఒక గుల్ల, గుల్ల నోట్లోంచి కనీకనబడకుండా రెండు కాళ్లు, కింద ఒక ప్రశ్న: “ఇదేం జాతి?” అడిగినవాళ్ల తప్పేం లేదు. కానీ ఆ ఫోటోతో జాతి చెప్పమంటే, ముసుగుతన్ని పడుకున్న మనిషి ఎవరో దుప్పటి రంగు చూసి చెప్పమన్నట్టే. గుల్ల పీతది కాదు. నత్త చచ్చిపోయాక మిగిలిన ఖాళీ గుల్లలో ఇది కాపురం పెట్టింది. ఇంకో మంచి గుల్ల దొరికితే మారిపోతుంది.

హెర్మిట్ క్రాబ్‌నే మన పుస్తకాల్లో సన్యాసి పీత అంటారు. వీటిని గుర్తుపట్టడానికి పెద్ద చదువు అక్కర్లేదు. ఏది ముందు చూడాలి, ఏది తర్వాత చూడాలి అన్న వరస తప్పకుండా ఉంటే చాలు. రంగుతో మొదలుపెట్టినవాళ్లు దారి తప్పుతారు. డెక్కలతో, అంటే ముందున్న పట్టుకాళ్లతో, మొదలుపెట్టినవాళ్లు కనీసం సరైన వీధిలోకైనా చేరతారు.

దగ్గర ఉండాల్సినవి

వెడల్పాటి తెల్ల డబ్బా ఒకటి, ఖాళీ ఐస్‌క్రీమ్ డబ్బా అయినా పర్లేదు. ఫోన్. ఫోన్‌కు తగిలించే మాక్రో లెన్స్ ఉంటే సంతోషం, లేకపోతే పది రెట్లు పెద్దగా చూపే చిన్న భూతద్దాన్ని కెమెరా ముందు పట్టుకున్నా పని జరుగుతుంది. మిల్లీమీటర్ల అంకెలు స్పష్టంగా ఉన్న ప్లాస్టిక్ స్కేలు తప్పనిసరి. ఎందుకో నాలుగో మెట్టులో చెప్తాను. పుస్తకం, పెన్సిల్. పెన్ను తీసుకెళ్లకండి, తడి చేత్తో రాస్తే అలుక్కుపోతుంది. కాలికి జారని బూట్లు.

పీతలు పట్టే వల, చిమటా లాంటివేమీ వద్దు.

1. వేళ చూసుకుని వెళ్లండి

సముద్రం బాగా వెనక్కి తగ్గినప్పుడు రాళ్ల మధ్య గుంటల్లో నీళ్లు నిలుస్తాయి. మనకు కావాల్సింది ఆ గుంటలే. అమావాస్య, పౌర్ణమి దగ్గరి రోజుల్లో నీరు ఎక్కువ తగ్గుతుంది. విశాఖ తీరంలో ఆ రోజుల్లో పోటుకీ పాటుకీ తేడా సుమారు ఒకటిన్నర మీటర్లు. అంతకన్నా పెద్ద తేడా ఆశించకండి, గుజరాత్ తీరం కాదు మనది. వేళలు హైదరాబాద్‌లోని సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్ ముందే ఇస్తుంది. నీరు పూర్తిగా తగ్గే సమయానికి గంట ముందు అక్కడ ఉండి, తిరగబడగానే బయటికి వచ్చేయండి. జోడుగుళ్లపాలెం, రుషికొండ వైపు రాళ్ల మీద నాచు సబ్బులా జారుతుంది. ఒంటరిగా వెళ్లొద్దు. సముద్రానికి వీపు పెట్టి కూర్చోవద్దు.

2. గుల్లను ముట్టుకునే ముందు ఒక్క నిమిషం ఆగండి

శంకువు ఆకారంలో నున్నగా, ముచ్చటైన మచ్చలతో ఉండే కోన్ గుల్ల కనిపిస్తే చేయి పెట్టకండి. లోపల బతికున్న నత్త ఉంటే దానికి విషపు ముల్లు ఉంటుంది. కొన్ని జాతుల విషం మనిషి ప్రాణం తీసేంతటిది. గుల్ల సన్నటి వైపు పట్టుకోకూడదని, వెడల్పు వైపు పట్టుకోవచ్చని కొందరు చెప్తారు. ఆ ముల్లు చాచితే చాలా దూరం వస్తుంది కాబట్టి నేను ఏ వైపూ పట్టుకోను. కాళ్లు కళ్లారా కనిపించాకే, లోపల ఉన్నది పీతే అని తేలాకే, తీయండి.

నత్తా పీతా అన్నది తేల్చుకోవడం తేలికే. నత్త జారుతూ నెమ్మదిగా పోతుంది. పీత నాలుగడుగులు గబగబా వేసి, మీ నీడ పడగానే లోపలికి ముడుచుకుంటుంది.

3. బయటికి రప్పించండి, లాగకండి

డబ్బాలో అదే గుంటలోని నీళ్లు రెండు వేళ్ల లోతు పోసి, గుల్లను నోరు పైకి వచ్చేలా పెట్టండి. డబ్బాను నీడలో ఉంచండి. ఇక కదలకుండా కూర్చోండి. రెండు మూడు నిమిషాల్లో ముందు మీసాలు, తర్వాత కళ్లు, ఆ తర్వాత డెక్కలు బయటికి వస్తాయి. తిరగబడి ఉంది కాబట్టి సర్దుకోవడానికి ఒళ్లంతా సాగదీస్తుంది. మీకు కావాల్సిన క్షణం అదే.

కొందరు వేడి నీళ్లు పోస్తారు, గుల్ల వెనక అగ్గిపుల్ల వెలిగిస్తారు, పగలగొడతారు. దయచేసి వద్దు. మెత్తటి పొట్ట గుల్ల మెలికలోకి చుట్టుకుని ఉంటుంది. లాగితే తెగిపోతుందే తప్ప వదలదు. పది నిమిషాలకు మించి డబ్బాలో ఉంచకండి, విశాఖ ఎండకు ఆ నీళ్లు తొందరగా కాగిపోతాయి.

4. అయిదు ఫోటోలు తీయండి

ముఖం ఎదురుగా ఒకటి. రెండు డెక్కలూ కలిసి పడేలా ఒకటి. కళ్ల మధ్య భాగం పైనుంచి, ఎంత దగ్గరగా వీలైతే అంత దగ్గరగా ఒకటి. నడిచే కాళ్లు పక్కనుంచి, గోటి కొస దాకా కనిపించేలా ఒకటి. చివరగా పీత ఉన్న చోటు.

ప్రతి ఫోటోలోనూ స్కేలు పడాలి. కొలత కోసమే కాదు. ఒకసారి ఒక మిత్రుడు పంపిన ఫోటో చూసి “కుడి డెక్క పెద్దది, కాబట్టి పగూరస్ కుటుంబం” అని ధైర్యంగా చెప్పేశాను. అతను దాన్ని సెల్ఫీ కెమెరాతో తీశాడట, కుడి ఎడమలు తారుమారైపోయాయి. పక్కన స్కేలు ఉండి ఉంటే అంకెలు తిరగబడి కనిపించేవి, నా పరువు దక్కేది. అప్పటినుంచి అంకెలు లేని ఫోటోకు కుడి ఎడమ చెప్పను.

ఇంకో సంగతి. ఎడమ అంటే పీత ఎడమ, మీ ఎడమ కాదు. అది మీకు ఎదురుగా ఉంటే దాని ఎడమ డెక్క మీ కుడి వైపు ఉంటుంది.

5. ఏ డెక్క పెద్దది?

ఇక్కడ మూడే జవాబులు.

ఎడమది స్పష్టంగా పెద్దదైతే కాల్సినస్, డయోజెనెస్, డార్డానస్ అనే గుంపుల్లో ఒకటి అయ్యే అవకాశం ఎక్కువ. నేల మీద తిరిగేదైతే సీనోబిటా.

రెండూ దాదాపు సమానమైతే మన రాళ్ల మీద, మడ అడవుల్లో మొదటి అనుమానం క్లిబనేరియస్ మీదే. పగూరిస్టెస్‌కు కూడా డెక్కలు సమానంగానే ఉంటాయి. క్లిబనేరియస్ డెక్క వేళ్లు నేలకు సమాంతరంగా, కత్తెరను బల్ల మీద పడుకోబెట్టి తెరిచినట్టు తెరుచుకుంటాయి. ఈ గుర్తు ఒకసారి చూస్తే మరచిపోరు.

కుడిది పెద్దదైతే పగూరస్ బంధువర్గం. ఇవి చల్లటి సముద్రాల్లో రాజ్యం ఏలుతాయి. ఉష్ణమండల తీరాల్లోనూ ఉన్నాయి కానీ, ఒడ్డున మీ కంటపడేవాటిలో ఎడమచేతి వాటమే ఎక్కువ. అందుకే కుడి అనిపించినప్పుడల్లా మళ్లీ చూడండి.

ఇక్కడే ఒక మోసం ఉంది. పోట్లాటలో డెక్క పోతే మళ్లీ మొలుస్తుంది, కాకపోతే మొదట చిన్నగా వస్తుంది. పెద్ద ఎడమ డెక్క పోయి చిన్నది మొలుస్తున్న పీత, సమాన డెక్కల పీతలా కనిపిస్తుంది. మొలిచిన డెక్క మామూలుగా పాలిపోయి, లేతగా ఉంటుంది. అనుమానం వస్తే అదే గుంటలో అలాంటి పీతలు ఇంకో మూడింటిని చూడండి. నాలుగింటికీ ఒకేసారి డెక్క ఊడదు.

6. డెక్క వేళ్ల కొసలు చూడండి

రంగు పట్టించుకునే మొదటి చోటు ఇది. కొసలు నల్లగా, కొమ్ము పదార్థంతో చేసినట్టు మెరుస్తుంటే క్లిబనేరియస్ గానీ డార్డానస్ గానీ. తెల్లగా, సున్నం ముక్కలా ఉంటే కాల్సినస్. ఆ పేరు సున్నానికి సంబంధించిన లాటిన్ మాటలోంచి వచ్చిందని గుర్తుపెట్టుకుంటే తికమక పడరు. నాచు అంటుకుంటే తెల్ల కొస కూడా నల్లగా కనిపిస్తుంది. ఫోటోలో పెద్దది చేసి చూడండి, అంచు శుభ్రంగా గీత గీసినట్టు ఉంటే అసలు నలుపు, మరకలా ఉంటే నాచు.

7. కళ్ల మధ్య ముల్లుందా?

రెండు కంటికాడల మొదట్లో, సరిగ్గా మధ్యన, కదిలే చిన్న ముల్లు ఒకటి ముందుకు పొడుచుకొచ్చి ఉంటే అది డయోజెనెస్. భూతద్దం లేకుండా దీన్ని చూశానని ఎవరైనా అంటే నేను నమ్మను, అంత చిన్నది. మీసాలు కూడా సాయం చేస్తాయి. డయోజెనెస్ మీసాలకు పక్షి ఈకలా పొడవాటి వెంట్రుకలుంటాయి. ఇసుకలో సగం పూడుకుని, ఆ మీసాలను నీటిలో ఊపుతూ తిండి వడగట్టుకుంటుంది. భీమిలి లాంటి ఇసుక తీరాల్లో సన్నటి మర ఆకారపు గుల్ల గబుక్కున ఇసుకలోకి దిగిపోతే ముందు దీన్ని అనుమానించండి. కూజాలో కాపురమున్న గ్రీకు తత్వవేత్త పేరు దీనికి పెట్టారు. మనవాళ్లు సన్యాసి అన్నారు. ఎక్కడివాళ్లకైనా ఒకటే ఊహ తట్టింది.

8. ఇప్పుడు కాళ్లు, రంగులు

ఇక్కడిదాకా వచ్చారంటే ప్రజాతి తేలినట్టే. ప్రజాతి అంటే ఇంటిపేరు అనుకోండి. ఇక అసలు పేరు.

క్లిబనేరియస్‌లో మొదట అడగాల్సింది: కాళ్ల మీద గీతలు నిలువుగా, కాలి పొడవునా ఉన్నాయా, లేక అడ్డంగా పట్టీల్లా ఉన్నాయా? తర్వాత కాలి చివరి ముక్క, దాని ముందు ముక్క కొలవండి. చివరిదాన్ని డాక్టైల్ అనీ, ముందుదాన్ని ప్రోపోడస్ అనీ అంటారు. డాక్టైల్ పొడవుగా ఉండి, కాలి పక్కన లేత నీలం గీత సాగితే, చోటు మడ అడవి బురద అయితే, క్లిబనేరియస్ లాంగిటార్సస్ అని చాలావరకు నమ్మొచ్చు. ముదురు ఆకుపచ్చ కాళ్లకు చివరి ముక్క మాత్రం పసుపుగా, దాని మీద ముదురు పట్టీతో ఉంటే విరెసెన్స్. ఇది ఆఫ్రికా తూర్పు తీరం నుంచి పసిఫిక్ దాకా రాళ్ల మీద ఉండే జాతి.

నిలువు చారలతో ఇన్‌ఫ్రాస్పినేటస్, పడవెన్సిస్ లాంటి వేరే జాతులూ ఉన్నాయి. ఇన్‌ఫ్రాస్పినేటస్ అంటే కింది వైపు ముల్లున్నది అని అర్థం. కింది ముల్లు పైనుంచి తీసిన ఫోటోలో ఎలా కనబడుతుంది? కాబట్టి ఇక్కడ తొందరపడకండి.

కాల్సినస్ కోసం అండమాన్ గానీ లక్షద్వీప్ గానీ వెళ్లినప్పుడు చూడండి, పగడపు దిబ్బల దగ్గర ఇవి బాగా ఉంటాయి. లెవిమానస్‌కు ఎడమ డెక్క నున్నగా, ఉబ్బెత్తుగా, ముదురు రంగులో ఉండి కొస వైపు తెల్లగా మారుతుంది. లోపలికి ముడుచుకుంటే ఆ డెక్కే గుల్లకు తలుపు. ఎలిగెన్స్ కాళ్లకు నలుపు, మెరిసే నీలం పట్టీలు అడ్డంగా ఉంటాయి. అంత అందంగా ఉన్నదాన్ని పొరపాటు పడటం కష్టం. గోధుమ రంగు కాల్సినస్‌లతో మాత్రం జాగ్రత్త. ఒకప్పుడు గైమార్డి అన్న ఒకే పేరు కింద కలిసిపోయిన వాటిలోంచి మోర్గాని అనే జాతిని 1999లో విడదీశారు. అంతకుముందు అచ్చైన చిత్రాల కింద ఉన్న పేరును కళ్లుమూసుకుని నమ్మకండి.

డార్డానస్‌లు ఒడ్డున తక్కువ, చేపల రేవులో ఎక్కువ. ట్రాలర్ వలల్లో చేపలతో పాటు పడి, ఎవరికీ అక్కర్లేక పక్కన పారేసిన కుప్పలో ఉంటాయి. ఒళ్లంతా ముదురు కుచ్చు వెంట్రుకలు, ఎరుపు మీద నల్ల అంచున్న తెల్ల చుక్కలు ఉంటే మెజిస్టస్. కాళ్ల కీళ్ల దగ్గర నీలం మచ్చలుంటే గుటేటస్. గుల్ల మీద సముద్రపు పువ్వులు, అంటే ఎనిమోన్లు, అతికించుకుని ఉంటే పెడంక్యులేటస్ అని చాలామంది వెంటనే అనేస్తారు. డిఫార్మిస్ కూడా అలాగే మోస్తుంది. ఎనిమోన్ సాక్ష్యం కాదు, సూచన మాత్రమే.

డయోజెనెస్‌లో రంగు దాదాపు పనికిరాదు. ఎడమ డెక్క బయటి వైపు గింజల్లాంటి బొడిపెలున్నాయా ముళ్లున్నాయా, అవి వరసల్లో ఉన్నాయా చెదిరి ఉన్నాయా, కళ్ల మధ్య ముల్లు అంచు నున్నగా ఉందా పళ్లతో ఉందా, ఇవీ చూసేది. చాలా జాతులు అంగుళం లోపే. మైక్రోస్కోప్ లేకపోతే ప్రజాతి దగ్గర ఆగిపోవడమే మర్యాద.

నేల మీద తిరిగే సీనోబిటాను అండమాన్ బీచుల్లో రాత్రిపూట చూస్తారు. రుగోసస్ ఎడమ డెక్క మీద ఏటవాలుగా, దువ్వెన పళ్లలా గట్లు వరసగా ఉంటాయి. బ్రెవిమానస్‌కు ఆ గట్లు ఉండవు, పెద్ద ఊదా డెక్క మాత్రం ఉంటుంది.

అమెరికాలో ఉప్పునీటి అక్వేరియం పెట్టుకున్న మనవాళ్లకు ఇదంతా అక్కర్లేదు. వాళ్లకు అసలు చిక్కు “రెడ్ లెగ్” అన్న దుకాణం పేరుతో. ఆ పేరు మీద వేర్వేరు జాతులు అమ్ముతారు. కరీబియన్ నీలికాళ్ల పీత క్లిబనేరియస్ ట్రైకలర్. కాళ్లు ఎర్రగా, కంటికాడలు పసుపుగా ఉన్నది పగూరిస్టెస్ కాడెనాటి. ఎర్రగా ఉండి ఎడమ డెక్క పెద్దదిగా ఉంటే ఆ రెండూ కాదు, అయిదో మెట్టుకు వెనక్కి వెళ్లండి.

ఒక ఉదాహరణ

కాకినాడ దగ్గర కోరింగ మడ అడవిలో చెక్క వంతెన మీద నిలబడ్డాను. అది 1978 నుంచి అభయారణ్యం, అక్కడ దేన్నీ ఎత్తకూడదు, కాబట్టి జూమ్ ఒక్కటే ఆధారం. నీరు తగ్గిన బురదలో పొడవాటి గుల్లను ఈడ్చుకుంటూ ఒక పీత. డెక్కలు రెండూ సమానం. కొసలు నలుపు. కాలి పక్కన లేత నీలం గీత. ఒక కాలు పూర్తిగా పక్కకు చాచిన క్షణంలో తీసిన ఫోటోను ఇంటికొచ్చి ఫోన్ తెర మీద పెద్దది చేసి స్కేలు పెట్టాను. తెర మీద ప్రోపోడస్ 31 మిల్లీమీటర్లు, డాక్టైల్ 38. అసలు పొడవు తెలియక్కర్లేదు, ఏది పొడవన్నదే ప్రశ్న. డాక్టైలే పొడవు. లాంగిటార్సస్ అని రాసుకున్నాను. కాలు కెమెరా వైపు వంగి ఉంటే ఈ కొలత చెల్లదు, వంగిన ముక్క పొట్టిగా కనిపిస్తుంది. అలాంటి నాలుగు ఫోటోలు పక్కన పెట్టాకే ఇది దొరికింది.

తరచుగా జరిగే పొరపాట్లు

గుల్లను బట్టి పేరు పెట్టడం గురించి మొదటే చెప్పాను. రెండోది, విడిచిన చర్మాన్ని చచ్చిన పీత అనుకోవడం. పీతలు పెరిగేటప్పుడు పాత పెంకు మొత్తం, డెక్కలూ కళ్లూ మీసాలతో సహా, విడిచేస్తాయి. చేత్తో తీస్తే బరువుండదు, లోపల డొల్ల, వాసన ఉండదు. అప్పుడే పెంకు మార్చిన పీత రంగు కూడా వేరుగా, లేతగా ఉంటుంది. పిల్లల రంగులు పెద్దవాటిలా ఉండకపోవచ్చు.

స్పిరిట్‌లో వేసిన పీత రంగులు వెలిసిపోతాయి. కాలేజీ ప్రయోగశాల సీసాలో చూసి “ఇది తెల్ల జాతి” అని రాసుకున్న విద్యార్థులు నాకు తెలుసు.

ఫోన్ యాప్ చెప్పిన పేరును జవాబు అనుకోవడం ఇంకోటి. యాప్‌కు గుల్ల ఎక్కువ కనిపిస్తే గుల్లకే పేరు చెప్తుంది. పీత ముఖం వరకే కత్తిరించి ఇస్తే కాస్త నయం.

సరిచూసుకోవడం

పేరు రాసే ముందు మూడు ప్రశ్నలు వేసుకోండి. ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు గుర్తులైనా కలిశాయా? నీలం గీత, పొడవు డాక్టైల్ రెండు గుర్తులు. నీలం గీత, నీలం చుక్క ఒకటే గుర్తు. ఆ జాతి ఈ సముద్రంలో ఉంటుందా? కరీబియన్ పేరు విశాఖ పీతకు వచ్చిందంటే ఎక్కడో జారారు. మీరనుకున్న పేరుకు ఎదురుతిరిగే గుర్తు ఏదైనా ఉందా? ఉంటే దాన్ని సర్దిచెప్పకండి, అదే అసలు సమాచారం.

రెండు రోజులయ్యాక, మొదట రాసుకున్న పేరు చూడకుండా, అవే ఫోటోలతో అయిదో మెట్టు నుంచి మళ్లీ రండి. అదే పేరు వస్తే, జీవుల ఫోటోలు పెట్టి పేర్లు సరిచూసుకునే ఐనాచురలిస్ట్ వెబ్‌సైట్‌లో అయిదు ఫోటోలూ పెట్టండి. వేరే పేరు వస్తే పుస్తకంలో ఇలా రాయండి: “క్లిబనేరియస్, జాతి తేలలేదు, జోడుగుళ్లపాలెం రాళ్లు, మోకాలి లోతు గుంట, డెక్కలు సమానం, కొసలు నలుపు, నిలువు చారలు”, తేదీ. తప్పు జాతి పేరు కన్నా ఈ ఒక్క వాక్యం తర్వాత చూసేవాళ్లకు ఎంతో ఉపయోగం.

పీతను తీసిన గుంటలోనే, గుల్ల నోరు కిందికి వచ్చేలా దింపండి. ఖాళీ గుల్లలు జేబులో వేసుకోవద్దు. కొన్ని రకాలు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం జాబితాలో ఉన్నాయి. మిగిలినవి, మీ డబ్బాలోంచి ఇప్పుడే దిగిన ఆ పీతకు వచ్చే నెల కావాల్సిన ఇల్లు.